అందరూ అవునన్న సర్వే

మా వదిన పరిశోధన చెయ్యడం నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చిన రోజునే మా ఆయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

దూరమేం కాదు, పెరట్లో మగపిల్లలు పడుకునే రేకుల గదిలోకి. అక్క ఉన్న కప్పు కింద తమ్ముడు పడుకోడు మా దగ్గర. అక్క వింటుండగా జోకులెయ్యడు, అక్క చూస్తున్న టీవీ చూడడు. కాబట్టి కెలెపి తన దిండూ, దోమతెరా, ఫోను ఛార్జరూ పట్టుకుని వెనక గుమ్మం దిగాడు. సిలికా వదిన రెండు పెట్టెలతో ముందు గుమ్మం ఎక్కింది. ఒక పెట్టెలో బట్టలు. రెండోదాన్ని నేనూ, మా అమ్మాయి తేమలేతీ కలిసి లాగినా మెట్టెక్కలేదు.

"జాగ్రత్త ఫానె, అందులో పుస్తకాలున్నాయి," అంది వదిన.

"పొయ్యిలోకి రాళ్లు తెచ్చారనుకున్నాను వదినా," అన్నాను.

వదిన నవ్వలేదు. ఆవిడ నా మాటలకి నవ్వినట్టు నాకు గుర్తు లేదు. అవి జోకులని ఎవరూ ఆవిడకి చెప్పి ఉండరు.

నవంబరు మొదలు, మా దీవుల్లో వేసవి వచ్చే వేళ. చాపలల్లడానికి సముద్రంలో నానేసి తెచ్చిన మొగలి ఆకులు ప్రతి పెరట్లోనూ తెల్లగా ఎండుతున్నాయి. వదిన వవావు దీవిలో జనాభా లెక్కల ఆఫీసులో ఇరవై ఏళ్లుగా పెద్ద కుర్చీలో ఉంది. ఇప్పుడు, నలభై ఎనిమిదేళ్ల వయసులో, రాజధాని నుకుఅలోఫాలో యూనివర్సిటీ వాళ్లు పెట్టిన వేసవి కోర్సులో చేరింది. పన్నెండు వారాలు. మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే ముందు దానికి పథకం ఎలా వేసుకోవాలో నేర్పుతారు. ఏం అడగాలి, ఎవర్ని అడగాలి, ఎంతమందిని, ఎలా. జనవరి ఆఖరి శుక్రవారం ముగ్గురు పెద్దల ముందు ఆ పథకం చదివి వినిపించాలి. వాళ్లు సరేనంటే ఎమ్మేలో సీటు. కాదంటే మళ్లీ వవావు, మళ్లీ అదే కుర్చీ, రిటైరయ్యేదాకా. ఆఫీసువాళ్లు ఇలాంటి సెలవు రెండోసారి ఇవ్వరు.

ఇవన్నీ వదిన చెప్పినవి కావు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు కాగితాలు చదివి తెలుసుకున్నాను. వదిన స్నానం చాలా నిదానం.

ఒక విషయం ముందే చెప్పేస్తే మంచిది. నేను పక్క దేశం వెళ్లి సువాలో బీయే చదివాను. సోషియాలజీ, మంచి మార్కులు. ఎమ్మే చేస్తానని పదకొండేళ్లుగా మా ఆయన్ని అడుగుతున్నాను. "వచ్చే ఏడు చూద్దాం" అంటాడు. అబద్ధమాడే మనిషి కాదు, ప్రతి ఏడూ చూస్తాడు.

*

వారం తిరిగేసరికి మా భోజనాల బల్ల వదిన బల్లయింది. పిల్లలు ఇంట్లో గుసగుసలతో బతకడం నేర్చుకున్నారు. మా దగ్గర తండ్రి మాటకి తిరుగుంటుంది, మేనత్త మాటకి ఉండదు. పళ్లెంలో మంచి ముక్క మేనత్తది. పెళ్లిలో మంచి చాప మేనత్తది. చావింట్లో శవం తలవైపు చోటు మేనత్తది. తమ్ముడి భార్య చోటు అదే చావింట్లో వంటపొయ్యి వైపు. ఇందులో నాకు ఫిర్యాదేమీ లేదు, నేనూ మా అన్నయ్య పిల్లలకి మేనత్తనే, వాళ్లింటికి వెళ్లినప్పుడు కోడి తొడ నాకే వస్తుంది. కానీ నా కళ్లముందు, నా బల్ల మీద, నేను చదవాల్సిన పుస్తకం కూడా మేనత్తదేనా?

"ఫానె, పరిశోధన ప్రశ్న అంటే ఏమిటో తెలుసా?" అని అడిగింది ఒక పొద్దున, పసుపు పెన్ను పళ్లమధ్య పెట్టుకుని.

"చెప్పండి వదినా."

"అడిగేవాళ్లకి జవాబు తెలియని ప్రశ్న."

"అలా అయితే నాకు పరిశోధన రాదు. పాలెవరు తాగేశారు, తడి తువ్వాలు మంచం మీద ఎవరు పడేశారు... నేనడిగేవన్నీ జవాబు తెలిసినవే."

వదిన ఒక్క క్షణం నా వైపు చూసి, ఏదో రాసుకుంది. నా మాటే రాసుకుంది! ఆవిడ స్నానానికి వెళ్లాక చూశాను. "ఇంటి ఉదాహరణ, బాగుంది" అని రాసి, కింద రెండు గీతలు గీసింది. నా పేరు లేదు.

తొమ్మిదేళ్ల తేమలేతికి అత్త పిచ్చి పట్టింది. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి ఆ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఒకరోజు నేను చేమాకులు కడుగుతుంటే వచ్చి అడిగింది.

"అమ్మా, నువ్వెందుకు చదువుకోలేదు?"

"చదువుకున్నాను."

"ఏం చదువుకున్నావు?"

"ఇప్పుడు మీ అత్త చదువుతున్నదే."

"కాదు," అంది పిల్ల, నాకు అన్యాయం చెయ్యకూడదన్నంత జాలిగా. "అత్తది పరిశోధన."

ఆ చేమాకుల్ని నేను చీరేసినంత సన్నగా ఎప్పుడూ ఎవరూ చీరి ఉండరు.

అప్పటినుంచి వదిన పుస్తకాలు దొంగతనంగా కాదు, పంతంగా చదివాను. వదిన పసుపు గీతలు గీసిన చోట్లు వదిలేసి, గీయని చోట్లు చదివేదాన్ని. ఆవిడకి లెక్కలిష్టం. ఎంతమందిని ఎంచుకోవాలి, పట్టికలు ఎలా గియ్యాలి అన్నచోట పేజీలు పసుపుతో తడిసిపోయేవి. ఆరో అధ్యాయంలో మాత్రం తెల్లటి పేజీ ఒకటి కనిపించింది. అందులో ఉన్నది ఇంతే. జవాబు చెప్పేవాళ్లకి అడిగేవాళ్ల దగ్గర మొహమాటం ఉంటే వాళ్లు నిజం చెప్పరు, మర్యాద చెబుతారు.

మొహమాటమనేది వదినకి ఆ పుస్తకంలోనే ఎదురై ఉంటుంది. అక్కడ కూడా ఆగకుండా పేజీ తిప్పేసింది. ఊళ్లో పెద్దల తరఫున మాట చెప్పే ఇంటి ఆడపడుచు. పుట్టినప్పటి నుంచి ఆవిడకి ఎవరూ కాదని చెప్పలేదు. కాదనే మాటే వినని మనిషికి అవునంటే విలువేం తెలుస్తుంది?

నేను ఆ పేజీ రెండుసార్లు చదివి, పుస్తకం ఎక్కడుందో అక్కడే పెట్టాను.

*

వదిన ఎంచుకున్న ప్రశ్న మంచిదే, కుళ్లుకుంటూనైనా ఒప్పుకోవాలి. ఊళ్లో ఆడవాళ్లు చాపలల్లడం ఎందుకు మానేస్తున్నారు? పెళ్లికీ చావుకీ చాపలు కావాలి, నడుముకి చాప కట్టకుండా ఆఫీసుకీ చర్చికీ వెళ్లలేం, అల్లే చేతులు మాత్రం ఏటేటా తగ్గుతున్నాయి. అసలు పరిశోధన మొదలుపెట్టేముందు ప్రశ్నలు పనికొస్తాయో లేదో చూడ్డానికి మా ఊరి అల్లిక జట్టులో పన్నెండుమందిని పిలిచి అడిగి చూస్తానంది. జనవరి రెండో శనివారం, మా ఇంట్లో.

"ఊరికే పిలిస్తే బాగోదు," అంది. "ఏదో చిన్నది పెట్టు ఫానె. టీ, నూనెలో వేయించిన నాలుగు కేకే ఉండలు."

"అలాగే వదినా."

నిజంగానే అలాగే అనుకున్నాను. ఆ శనివారం తెల్లారగట్లే పిండి కూడా తడిపాను. అంతలో బల్ల దగ్గర తేమలేతి అత్త కోసం ప్రశ్నల కాగితాలు పేర్చుతూ, "అమ్మా, టీ పెట్టేటప్పుడు కాగితాల మీద ఒలకబొయ్యకు, ఇది అత్త పని," అంది.

పిండి గిన్నె పక్కన పెట్టి, పెరట్లో రేకుల గది తలుపు కొట్టాను.

"పంది కావాలి," అన్నాను.

కెలెపి చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు. "ఎందుకు?"

"మీ అక్క సర్వేకి. పట్నం నుంచి కోర్సు మేడం కూడా రావచ్చట." మేడం సంగతి అప్పుడే పుట్టింది.

"టీ అన్నారుగా?"

"టీ అన్నది ఆవిడ మర్యాద. టీతో సరిపెట్టడం నీ మర్యాదా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. అక్క పరువు అనగానే ఆ మనిషి కొలతలు మర్చిపోతాడు. ఒక పందిపిల్లని అడిగితే రెండు తెచ్చాడు. గుంట తవ్వాడు, రాళ్లు కాల్చాడు. పెండలం దుంపలు, కొబ్బరిపాలు పోసి కట్టిన చేమాకుల పొట్లాలు, చేపలు. పదకొండేళ్లు ఎమ్మే సంగతి చూద్దామన్నవాడు అర పూటలో పెళ్లి విందు దింపేశాడు.

పదిన్నరకి పన్నెండుమంది వచ్చారు. ముందు ముసలి తోకిలూపె. ఊళ్లో ఆవిడంత బాగా అల్లేవాళ్లు లేరు, ఆవిడంత తక్కువ మాట్లాడేవాళ్లూ లేరు. చివర పిసిలా, నా పక్కింటావిడ, నోరు మూతపడని మనిషి, చంకలో చుట్టిన చాపతో. వాకిట్లో పొగ చూడగానే అందరి ముఖాలూ మారాయి. టీకి వచ్చిన ఆడవాళ్లు విందుకి వచ్చిన ఆడవాళ్లయిపోయారు. నడుముకి కట్టిన చాపలు సర్దుకున్నారు, వీపులు నిటారయ్యాయి.

"ఫానె, ఇదేమిటి?" అంది వదిన మెల్లగా.

"మీ తమ్ముడు వినలేదు వదినా."

తమ్ముడి ప్రేమకి అడ్డు చెప్పే అక్క మా దీవుల్లో ఇంకా పుట్టలేదు. వదిన వెళ్లి చాప మీద పెద్ద చోటులో కూర్చుంది.

తిన్నారు. తిన్నాక మా దగ్గర ఏం జరుగుతుందో అదే జరిగింది. విందు తిన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కృతజ్ఞతలు చెప్పాలి. వదిన ప్రశ్నల కాగితాలు పంచింది. వాళ్లు వాటిని చేత్తో పట్టుకుని, ఒక్కొక్కరే లేచి, ప్రసంగాలు మొదలుపెట్టారు.

"మొదటి ప్రశ్న," అంది పిసిలా కళ్లజోడు సర్దుకుని. "వారానికి ఎన్ని రోజులు అల్లుతారు? ఇలాంటి గొప్ప ఇంటి ఆడపడుచు మమ్మల్ని గుర్తుపెట్టుకుని అడిగిందంటే, ప్రతిరోజూ అల్లుతాం తల్లీ! ఆదివారం ఒక్కటీ దేవుడిది కాబట్టి మానేస్తాం."

"అల్లిక తగ్గించారా?" అని వదిన కాగితంలోంచి అడిగింది.

"తగ్గించడమా!" పిసిలా కళ్లజోడు తీసేసింది. "మా అమ్మ చేతి అల్లిక, మా అమ్మమ్మ చేతి అల్లిక..." నాలుగో ప్రశ్న దగ్గర నిజంగానే ఏడ్చింది. ఆపైన చంకలో చాప విప్పి, స్వయంగా అల్లానని చెప్పి, వదిన ఒళ్లో పెట్టింది. చప్పట్లు.

మిగతావాళ్లూ అలాగే. వాషింగ్ మెషిన్ వచ్చినప్పటి నుంచి పిసిలా మొగలి ఆకు ముట్టుకోలేదని నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఆ మెషిన్ మీద కూర్చునే నాతో కబుర్లు చెబుతుంది. తోకిలూపె ఒక్కతే లేచి, "తిండి బాగుంది," అని చెప్పి కూర్చుంది. వదిన ఆ జవాబుని ఏ గడిలో వెయ్యాలో తెలియక వదిలేసింది.

నేను ఖాళీ పళ్లేలు ఎత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లి, కాసేపు అక్కడే నిలబడి, నా ముఖం మామూలుగా ఉందని నమ్మకం కలిగాక బయటికొచ్చాను.

*

వదిన నాలుగు రోజులు ఆ జవాబులతో సంబరపడింది. రంగురంగుల పట్టికలు గీసింది. పన్నెండులో పదకొండుమంది రోజూ అల్లుతున్నారు. ఎవరూ మానలేదు. దాంతో ప్రశ్నే తిప్పేసింది. మా ఊళ్లో అల్లిక ఇంత చక్కగా ఎలా నిలబడింది? ఆ పథకం చదివితే ముగ్గురు పెద్దలూ ఏమనుకుంటారో ఊహించుకుంటూ నేను బట్టలు పిండాను. ఆ ముగ్గురూ మా దేశంవాళ్లే, వాళ్లిళ్లలోనూ వాషింగ్ మెషిన్లున్నాయి. చాలా మంచి వారం అది. బట్టలు తెల్లగా వచ్చాయి.

బుధవారం వదిన తన మేడం ఆకనేసికి పథకం చూపించి పట్నం నుంచి వచ్చింది. బస్సు దిగి నడిచొచ్చిన ముఖం ఎర్రగా ఉంది.

"మేడం నీ గురించి అడిగింది ఫానె!" అంది.

నా చేతిలో గరిట ఆగింది. "నా గురించా?"

"పట్టికలన్నీ చూసింది. చాలాసేపు చూసింది. 'వంట ఎవరు చేశారు?' అంది. మా తమ్ముడి భార్య అన్నాను. 'ఏం వండింది?' అంది. రెండు పందులు, పెండలం, అన్నీ చెప్పాను. 'అడగక ముందు పెట్టిందా, అడిగాక పెట్టిందా?' అంది. ముందే అన్నాను. నవ్వి రాసుకుంది. నీ వంటకి అంత పేరొచ్చిందన్నమాట!"

"ఇంకేమంది?"

"'ఇంకోసారి ఆలోచించుకోండి' అంది." వదిన కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పింది. "దేని గురించో చెప్పలేదు. మీ నాన్నగారంటే మాకెంత గౌరవమో అని మాత్రం రెండుసార్లు చెప్పింది."

ఆ మేడం నాకు ఎదురుపడలేదు, ఇప్పటికీ ఎదురుగా కూర్చుని మాట్లాడింది లేదు. కానీ ఆ సాయంత్రం ఎవరో దూరం నుంచి నా వంటింటి కిటికీలోకి చూసి, తల ఊపి వెళ్లినట్టనిపించింది. ఆవిడకీ తెలుసు. తెలిసీ ఆవిడ కూడా వదినతో సూటిగా అనలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వదిన వరండాలో పిసిలా ఇచ్చిన చాప మీద కూర్చుని, గోడకి ఎదురుగా పథకం చదువుకుంటోంది. నేను పక్కన మామిడికాయలు తరుగుతున్నాను. చదవడం ఆపేసింది.

"ఫానె, నువ్వే ఆ ముగ్గురు పెద్దలనుకో. ఏదైనా ఒక్కటి అడుగు."

"నాకేం తెలుసు వదినా."

"ఏదైనా సరే." కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. "క్లాసులో ఎవరి పథకం చదివినా మిగతావాళ్లు పీకి పాకం పెడతారు. నేను చదివితే మాత్రం అందరూ బాగుందంటారు. ఆఫీసులోనూ అంతే, ఇరవై ఏళ్లు. నా లెక్క తప్పయితే రాత్రికి రాత్రి ఎవరో దిద్దేసి పెట్టేవాళ్లు, నాకు చెప్పేవాళ్లు కాదు." గోడ వైపే చూస్తోంది. "నాకు వచ్చో రాదో నాకే తెలియదు. అది తెలుసుకుందామనే వచ్చాను."

నేను మూడు కాయలు తరిగాను. నాలుగోది తరుగుతూ అడిగాను.

"ఆ చాప ఎవరల్లారు వదినా?"

"పిసిలా. నీ ముందేగా ఇచ్చింది."

"మూల తిప్పి చూడండి."

తిప్పింది. లెక్కల మనిషి, ఆ అంచు చూసి ఏమీ చదవలేకపోయింది.

"అంచు ఎడమవైపుకి మడిచారు," అన్నాను. "ఊళ్లో అందరూ కుడికే మడుస్తారు. తోకిలూపెకి కుడి బొటనవేలు వంగదు. అది తోకిలూపె చాప. పిసిలా కొనుక్కుంది."

వదిన చాప మూల చాలాసేపు పట్టుకుంది.

"మిగతా వాళ్లు?"

చెప్పాను. పేరుపేరునా.

"ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"అందుకేనా పందులు?"

"ఒకటే అడిగాను. రెండోది మీ తమ్ముడి సొంతం."

వదిన నా వైపు చూసింది. ఇంటి ఆడపడుచు తల్చుకుంటే ఆ పూట నన్ను పుట్టింటికి పంపించగలదు. చేతిలో చాకు పెట్టుకుని నేనూ ఎదురుచూశాను. ఆవిడ పసుపు పెన్ను మూత తీసింది, దాంతో రాయడం కుదరక నా దగ్గర పెన్సిలు అడిగి తీసుకుంది.

"మెల్లగా చెప్పు," అంది. "రాసుకోవాలి."

*

శుక్రవారానికి ఎనిమిది రోజులున్నాయి. ఆ ఎనిమిది రోజులూ నా జీవితంలో ఎప్పుడూ లేనంత సుఖంగా ఉన్నాను. ఇది ఒప్పుకోవడం నాకిష్టం లేదు.

ప్రశ్నల కాగితం చింపేశాం. ఎన్ని రోజులు అల్లుతారని ఎవరినీ అడగొద్దన్నాను. ఇంట్లో ఉన్న చాపల్ని ఒక్కొక్కటే విప్పించి, ఇది ఎవరి చేతిది, ఎలా వచ్చింది, ఎవరికి పోతుంది అని అడిగితే చాలు. చాపకి మొహమాటం ఉండదు.

"నేనెప్పుడు వెళ్లాలి?" అంది వదిన.

"మీరు వెళ్లకూడదు వదినా."

"అడిగేది నేను కదా."

"మీరు గుమ్మంలో కనబడితే వాళ్లు మళ్లీ లేచి నిలబడతారు."

ఆ మాట మింగడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. మర్నాటి నుంచి నేను మామూలు గౌనుతో, ఉత్త చేతులతో ఇళ్లకి వెళ్లాను. ఇది వదిన చదువు కోసమని, పేర్లు రాయనని ముందే చెప్పాను. "పోనీ పందుందా?" అని అడిగింది పిసిలా. లేదన్నాను. "అమ్మయ్య," అని వాషింగ్ మెషిన్ మీంచి దిగి, అటక మీద చాపలన్నీ కిందికి దింపింది. ఏడింటిలో ఒక్కటీ తనది కాదు. "సిగ్గుగా ఉంటుంది ఫానె," అంది. "కొనుక్కున్నానంటే మా అత్తగారి ఆత్మ వచ్చి నా మెషిన్ ఆపేస్తుంది. రాసుకో, కానీ ఆ ముక్క రాయకు." మనిషి నిజం చెప్పేటప్పుడు గొంతు ఎంత చిన్నదవుతుందో అప్పుడే చూశాను. తోకిలూపె అయితే అరగంట మాట్లాడింది. ఊళ్లో సగం చాపలు ఆవిడవేనని, ఆవిడ దగ్గర నేర్చుకుంటానని మాత్రం ఒక్క పిల్లా రాలేదని.

వదిన ఇంట్లో ఉండి వంట చేసింది. ఆ దృశ్యం చూడలేక కెలెపి రేకుల గదిలోంచి కూడా వెళ్లిపోయి చర్చి హాల్లో కూర్చున్నాడు. పెండలం పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. ఎలా ఉందని వదిన అడిగితే పిల్లలు బాగుందన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది.

"మాడింది వదినా," అన్నాను.

మొదటిసారి నవ్వింది.

సాయంత్రాలు బల్లకి ఇటూ అటూ కూర్చుని ఎన్ని ఊళ్లు ఎంచుకోవాలి, ఎవరు అడగాలి అని వాదించుకునేవాళ్లం. ఆవిడకి లెక్క వచ్చు, నాకు మనుషులు వచ్చు. తేమలేతి ఎవరి పక్కన నిలబడాలో తెలియక బల్ల చివర నిలబడేది.

ఆఖరి శుక్రవారం వదిన నల్లబట్టలు వేసుకుని, నడుముకి చాప కట్టుకుని ముగ్గురు పెద్దల ముందు నిలబడింది. వెనక వరసలో నేనూ మా అమ్మాయీ. బాగా చదివింది. చాలా బాగా. కూతురు చెయ్యి నలిపేస్తున్నానని అది చెయ్యి లాక్కున్నాక తెలిసింది నాకు.

"ఈ పథకంలో నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది," అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన. "ప్రశ్న అడిగే చోట నుంచి పరిశోధకురాలు తనే తప్పుకుంది. ఇంత పెద్ద ఇంటి బిడ్డకి ఈ వినయం ఎలా వచ్చిందో!"

చప్పట్లు. నేనూ కొట్టాను, చేతులు మండేలా. తేమలేతి పథకం ప్రతి నాకందించింది. పదకొండో పేజీలో నేనున్నాను. "స్థానిక సహాయకురాలు ఒకరు" అని.

"పాల్గొన్నవాళ్ల పేర్లు రాయకూడదని నియమం," అంది వదిన తర్వాత, బస్సులో. "ఎథిక్స్."

"అవును వదినా. ఐదో అధ్యాయం."

కిటికీ వైపు తిరిగి ఇల్లు చేరేదాకా కొబ్బరిచెట్లు లెక్కపెట్టాను.

*

వదిన పాసయిందని చుట్టాలొచ్చారు. వాళ్లు వెళ్లేముందు వదిన వరండాలో కూర్చుని తమ్ముణ్ణి పిలిపించింది. కెలెపి వచ్చి మెట్ల కింద, ఆవిడకి సగం వీపు పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"నీ ఇంట్లోంచి నాకొకటి కావాలి," అంది.

అక్క అలా అడిగితే తమ్ముడు ఇవ్వాల్సిందే. కారయినా, పడవయినా. మా ఆయన చూపు మెల్లగా మా కొత్త ఫ్రిజ్ వైపు జరిగింది.

"ఏదైనా సరే అక్కా."

"ఫిబ్రవరి నుంచి వారానికి నాలుగు రోజులు ఫానె నాతో కాలేజీకి రావాలి. పేరు రాయించుకుని. ఆ నాలుగు రోజులూ వంట నీది."

"సరే అక్కా," అన్నాడు కెలెపి. ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించలేదు.

నేను గుమ్మంలో పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్నాను. అందరూ నా వైపు చూసి నవ్వారు, ఒకావిడ కళ్లొత్తుకుంది. నేనూ నవ్వాను. పదకొండేళ్లు నేనడిగాను. నా నోటితో, ఆ మనిషినే, రకరకాల గొంతులతో, ఒకసారి పురుటి మంచం మీంచి కూడా. ఆవిడ ఒక్కసారి అడిగింది, అదీ కూర్చునే. ఇచ్చింది నా చదువే, కానీ ఆవిడ అడిగితే వచ్చిన చదువు. ఎంత మండినా ఒద్దని మాత్రం నా నోట్లోంచి రాలేదు.

సోమవారం వదిన తోడొస్తానంది. తలనొప్పి వంకపెట్టి మంగళవారం ఒక్కదాన్నే బస్సెక్కాను. కౌంటర్ వెనక అమ్మాయి దరఖాస్తు ఇచ్చి పెన్ను కూడా ఇచ్చింది. పేరు, ఊరు, బీయే ఎక్కడ, ఎప్పుడు. అన్నీ నింపాను. చివర ఒక ప్రశ్న, నాలుగు గళ్లు.

ఈ కోర్సు గురించి మీకు ఎలా తెలిసింది? కుటుంబ సభ్యులు. స్నేహితులు. వార్తాపత్రిక. రేడియో.

"అది తప్పనిసరి కాదండీ," అంది కౌంటర్ అమ్మాయి, నేను ఆగిపోవడం చూసి. "ఊరికే, మా సర్వే కోసం."

"సర్వే అయితే సరిగ్గా చెప్పాలి కదమ్మా," అన్నాను.

మా ఇంట్లో రేడియో లేదు. రేడియో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చేశాను.